కార్డీలియా అన్న ‘నో కాజ్, నో కాజ్’ తెలుగులో ఎలా ఉండాలి?

షేక్స్పియర్ నాటకం ‘కింగ్ లియర్’ నాలుగో అంకం చివరి రంగంలో తండ్రి లియర్ రాజుకి కార్డీలియా ఇచ్చే జవాబు ఇది, మాటకి మాట అయితే ‘కారణం లేదు, కారణం లేదు’ అని. ‘క్షమించాను నాన్నా’ అని రాసేస్తే సరిపోదా?

— సరిపోదండీ, ఎందుకంటే ఆ అమ్మాయి క్షమించానని అసలు అననే అనదు. ముసలాయనకి మతి కాస్త కుదుటపడి, ఎదురుగా ఉన్నది తను పైసా కట్నం లేకుండా వెళ్లగొట్టిన చిన్నకూతురేనని పోల్చుకుని, విషమిచ్చినా తాగేస్తానంటాడు. నీ అక్కలు నాకు అన్యాయం చేశారు, వాళ్లకి కారణం లేదు, నీకైతే ఉంది అంటాడు. క్షమించాలంటే ముందు తప్పుందని ఒప్పుకోవాలి కదా, ఈమె ఆ తప్పునే లేదు పొమ్మంది. పైగా ‘కాజ్’కి కోర్టు వాసన కూడా ఉంది: సరిగ్గా ముందు రంగంలో లియర్ పిచ్చిలో జడ్జిలా తీర్పులిస్తూ ‘నీ మీద కాజ్ ఏమిటి? వ్యభిచారమా? నీకు చావు లేదు’ అంటాడు, అక్కడ అది నేరారోపణే. కాబట్టి ‘కారణం లేదు’ అంటే మరీ పొడిగా ఉంటుంది. నేనైతే ‘ఏం లేదు నాన్నా, ఏం లేదు’ అంటాను. మొదటి రంగంలో నీ ప్రేమ ఎంతో చెప్పమంటే ఆమె అన్న ‘నథింగ్’ కూడా అందులో వినిపిస్తుంది.

— అది మీరు కలిపిన ప్రతిధ్వని, మూలంలో ఆ రెండు చోట్లా మాటలు వేరు. నా అనుమానం ఇంకొకటి. ‘బంధం మేరకు ప్రేమిస్తాను, ఎక్కువా కాదు, తక్కువా కాదు’ అని నిండు సభలో నిక్కచ్చిగా మాట్లాడిన పిల్ల ఇక్కడ శుద్ధ అబద్ధం ఆడుతోందిగా?

— ఆడుతోంది, ఆడనివ్వండి! మాటలకంటే మోకాళ్లు చూడండి. రెండో అంకంలో ఇదే లియర్ రెండో కూతురు రీగన్ ముందు మోకరిల్లి తిండీ బట్టా అడిగాడు, కానీ అది వెటకారం. ఇక్కడ కూతురు దీవించమంటే ఆయనే నిజంగా మోకరిల్లబోతాడు, ఆమె ఆపుతుంది. షేక్స్పియర్ ముందు పెట్టుకున్న పాత నాటకం ‘కింగ్ లీర్’లో తండ్రీ కూతుళ్లు ఒకరి తర్వాత ఒకరు మోకాళ్ల మీద పడుతూ లేస్తూ ఉంటారు, కాస్త నవ్వొస్తుంది కూడా. ఈయన అదంతా కత్తిరించేశాడు. (ఇంత చేసి చివరికి ఆ పిల్లని చంపడం జనానికి మింగుడుపడలేదు. 1681లో నహూమ్ టేట్ అనే నాటకకర్త కథ మార్చి ఆమెని బతికించి, నాటకంలోనే ఉన్న ఎడ్గార్ అనే యువకుడితో పెళ్లి ఖాయం చేశాడు, ఆ రూపమే చాలాకాలం స్టేజీ మీద నడిచింది. 1838లో మాక్రెడీ అనే నటుడు షేక్స్పియర్ పాఠానికి తిరిగొచ్చాడు.)

— ఇక మీ ‘నాన్నా’ దగ్గరే నా పేచీ. ఆయన నిద్రలో ఉన్నంతసేపూ ఆమె ‘అయ్యో నాన్నా, పందులతో కలిసి పడుకున్నావా’ అన్నట్టు చనువుగా మాట్లాడుతుంది, కళ్లు తెరవగానే ‘ప్రభూ’, ‘సర్’, ‘మీరు’లోకి వెళ్లిపోతుంది. తెలుగులో ఈ తేడా హాయిగా దొరుకుతుంది కాబట్టి పోగొట్టుకోవద్దు. నా ఓటు ఉత్త ‘ఏం లేదు, ఏం లేదు’కే.