పీఓ (పర్చేజ్ ఆర్డర్) క్యాన్సిల్ చేసినా గ్రాంట్ సాఫ్ట్‌వేర్‌లో డబ్బు లాక్ అయ్యే ఉంది, ఎలా విడిపించాలి?

నమస్తే అండి. మాది ఒడిశాలో రాయగడ వైపు, ఒక యూనివర్సిటీ ప్రాజెక్ట్‌లో ఫెలోని, పీఐ (ప్రధాన పరిశోధకుడు) మా సారే గానీ సాఫ్ట్‌వేర్ పనంతా నా నెత్తినే. ఎక్విప్‌మెంట్ హెడ్‌లో 1,80,000 శాంక్షన్, అందులో మట్టి పరీక్ష మీటర్లకి 64,900 పీఓ పెట్టాం, విశాఖ డీలర్ సరుకు లేదని చేతులెత్తేశాడు, 12 రోజుల కిందట క్యాన్సిల్ కొట్టాం. స్టేటస్ ఎర్రగా ‘క్యాన్సిల్డ్’ అనే ఉంది, పక్కనే ‘కమిటెడ్’ (ఆర్డర్ల కోసం పక్కన పెట్టిన డబ్బు) కాలమ్‌లో మాత్రం 64,900 అలాగే కూర్చుంది, అవైలబుల్ 1,15,100 దాటట్లేదు. ఇప్పుడు 1,22,000కి కొత్త ఇండెంట్ (కొనుగోలు రిక్వెస్ట్) పెడితే ఫండ్ చాలదని వెనక్కి కొడుతోంది, తేడా 6,900.

లాగౌట్ అయి చూశా, బ్రౌజర్ మార్చా, ఫైనాన్షియల్ ఇయర్ మార్చి చూశా, రెండు టికెట్లు వేశా. ఒకటి జవాబు లేకుండానే క్లోజ్. ఫోన్ చేస్తే ‘కాలి’ అంటారు, ఒడియాలో కాలి అంటే రేపూ అవుతుంది నిన్నా అవుతుంది, ఏదో మరి. జీఎఫ్ఆర్ 12-ఏ యూసీలో (గ్రాంట్ ఎలా వాడామో చూపే సర్టిఫికెట్‌లో) అసలు ఖర్చే చూపిస్తాం కాబట్టి అక్కడ గొడవ లేదు, కానీ మార్చి 31 లోపు బిల్లు పడకపోతే మిగిలినదానికి క్యారీ ఫార్వర్డ్ పర్మిషన్ అడుక్కోవాలి.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లు చెప్పండి, పీఓ క్యాన్సిల్ చేశాక కమిట్‌మెంట్‌ని విడిగా రిలీజ్ చేసే ఆప్షన్ పీఐ లాగిన్‌లోనే ఉంటుందా, లేక ఫైనాన్స్ వాళ్ల లాగినే కావాలా?