ఆపరేషన్‌కి ముందు సూడోకోలినెస్టరేజ్ పరీక్ష ఎక్కడ చేయించాలి?

నమస్కారమండీ. మేం ఆర్యవైశ్యులం. చెల్లికి వచ్చే నెల గాల్‌బ్లాడర్ ఆపరేషన్. మత్తిచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే మందుల్లో సక్సినైల్‌కోలిన్ ఒకటి. మామూలుగా నిమిషాల్లోనే దాని ప్రభావం పోతుంది. ఒంట్లో ఆ మందుని విరగ్గొట్టే సూడోకోలినెస్టరేజ్ ఎంజైమ్ బాగా తక్కువగా ఉన్నవాళ్లకి మాత్రం గంటల తరబడి సొంతంగా ఊపిరి ఆడదు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. ఈ లోపం వైశ్యుల్లో ఎక్కువని పరిశోధనల్లో తేలింది. లోపమున్న జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తేనే ఇంత ఇబ్బంది. మా అమ్మానాన్నలది మేనరికం, అదే నా టెన్షన్. పెదనాన్నగారికి ఆపరేషన్ తర్వాత చాలాసేపు ఊపిరి అందలేదని అమ్మ అంటుంది, కాగితాలేమీ దొరకలేదు.

విజయవాడ, గుంటూరు వైపు ఈ రక్తపరీక్ష చేసే ల్యాబ్ ఎవరికైనా తెలుసా? ఎంజైమ్ స్థాయి చూస్తే చాలా, జన్యు పరీక్ష కూడా కావాలా? మీ ఇంట్లో ఎవరికైనా ఈ లోపం బయటపడి ఉంటే, మత్తు డాక్టరుగారికి ఏం చెప్పారో, ఆయన ఏ జాగ్రత్తలు తీసుకున్నారో దయచేసి రాయండి.