స్టాక్‌హోమ్‌లో రెండు రోజులు: అమ్మానాన్నలతో ఏం చూడాలి, ఏం తినాలి, ఏం కొనాలి?

గోదారిగట్టు:
2026 జూన్ 19, 20 (శుక్ర, శని) స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఉంటాం. మేమిద్దరం, అమ్మ, నాన్న. వాళ్లకి 65 దాటాయి, మెట్లు ఎక్కువైతే కష్టం. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్న బీఫ్, పోర్క్ తినరు. ఏం చూడాలి? ఇంటికి ఏం తేవాలి? నగదు ఎంత మార్చుకోవాలి?

మాలరెన్_ఒడ్డు:
ముందు తేదీలు మార్చండి. ఆ శుక్రవారం మిడ్‌సొమ్మార్ పండగ. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు జనమంతా పల్లెలకీ దీవులకీ పోతారు, షాపులు, హోటళ్లు చాలావరకు మూతే. తప్పకపోతే ఆ రోజు స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియానికి వెళ్లండి, అక్కడ పూల స్తంభం నిలబెట్టి చుట్టూ ఆడతారు. రెండు రోజులు ముందుకు జరపగలిగితే మాత్రం అదే మేలు.

నగదు ఒక్క క్రోనా కూడా వద్దు. నోట్లు తీసుకోమని చాలాచోట్ల బోర్డే ఉంటుంది.

మెట్రో, బస్సు, ట్రామ్ అన్నిటికీ ఎస్ఎల్ (నగర రవాణా సంస్థ) టికెట్ ఒక్కటే, 75 నిమిషాలు చెల్లుతుంది. గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ కార్డు ఆనిస్తే చాలు, కానీ ఒక కార్డుకి ఒక్క మనిషే. ఒకే కార్డుతో నలుగురూ లోపలికి పోదామంటే కుదరదు. పెద్దవాళ్లకి 65 దాటితే తగ్గింపు ఉంది, వాళ్లవి ఎస్ఎల్ యాప్‌లో కొనండి.

ఓడబల్ల:
ఒక్కటే చూసే టైముంటే వాసా మ్యూజియం. స్లుస్సెన్ నుంచి 82 నంబరు ఫెర్రీ ఎక్కండి, అదే ఎస్ఎల్ టికెట్ చెల్లుతుంది, టూరిస్టు పడవకి వేరే డబ్బు దండగ. 1628 ఆగస్టు 10న మొదటి ప్రయాణంలోనే, 1300 మీటర్లు పోయేసరికి మునిగిన యుద్ధనౌకే వాసా. 1961లో పైకి తీశారు. బాల్టిక్ నీళ్లలో ఉప్పు తక్కువ కాబట్టి చెక్క తొలిచే పురుగు బతకదు, అందుకే అన్నేళ్లున్నా పాడవలేదు.

లిఫ్ట్‌లో పైఅంతస్తుకి వెళ్లి, అక్కణ్ణుంచి దిగుతూ చూడండి. ఫిరంగి కిటికీల తలుపులకి లోపలివైపు సింహం ముఖాలు చెక్కి ఉంటాయి. కింది వరస కిటికీలు నీటిమట్టానికి ఎంత దగ్గరో గమనించండి. పైన బరువెక్కువై ఓడ ఒరగ్గానే నీళ్లు అందులోంచే వచ్చాయి. చెక్క కోసం లోపల చల్లగా, మసకగా ఉంచుతారు, జూన్‌లో కూడా స్వెట్టర్ కావాలి.

వానొస్తే మెట్రో స్టేషన్లే మ్యూజియం. కుంగ్‌స్ట్రెద్‌గోర్డెన్‌లో 11 నంబరు ఎక్కి సొల్నా సెంట్రుమ్‌లో దిగండి. ఎర్రటి కొండ గుహ, కింద పచ్చటి అడవి బొమ్మ. 10 నంబరు అటు పోదు, పొరపాటున ఎక్కకండి.

గోదారిగట్టు:
17, 18కి మార్చేశాం. మరి తిండి సంగతి?

యాలకులపొడి:
మంచి పని చేశారు, పనిరోజుల్లోనే 'డాగెన్స్ లంచ్' (ఆ రోజు మధ్యాహ్న భోజనం) దొరుకుతుంది. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా. సలాడ్, రొట్టె, కాఫీ మామూలుగా అదే ధరలో. రాత్రి అదే హోటల్లో బిల్లు చూస్తే ఆకలి చచ్చిపోతుంది.

'వెజిటారిస్క్' అంటే గుడ్డు ఉండొచ్చు. అమ్మగారికి 'వెగాన్స్క్' అనే అడగండి. మీట్‌బాల్స్‌లో తరచు బీఫ్, పోర్క్ కలిపేస్తారు, నాన్నగారికి సాల్మన్ (లాక్స్) లేదా వేయించిన స్ట్రొమ్మింగ్ చేపలు మేలు.

బన్నుల్లో దాల్చినచెక్కది పేరుమోసింది గానీ, నా ఓటు కార్డెముమ్మబుల్లె అనే యాలకుల బన్నుకే. యాలకులు మెత్తగా కాకుండా బరకగా దంచి వేస్తారు, పంటికింద పడతాయి. అయితే పైన మెరుపు కోసం గుడ్డు పూయడం మామూలే, అమ్మగారికి కొనేముందు అడగండి. సూపర్‌మార్కెట్లో తూకానికి అమ్మే జెల్లీ మిఠాయిల్లోనూ జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు, డబ్బా మీద పదార్థాలు చదవండి.

మాలరెన్_ఒడ్డు:
కొనడానికి డాలా గుర్రం, అంటే రంగులేసిన చెక్క గుర్రం బొమ్మ. మన కొండపల్లిలాగా ఇక్కడ నుస్నెస్ ఊరి పేరే హామీ, పొట్ట కింద స్టిక్కర్ చూడండి. అది లేకపోతే ఎక్కడో అచ్చుపోసిందై ఉండొచ్చు. గమ్లా స్టాన్ (పాత ఊరు)లో వెస్టర్‌లాంగ్‌గాటన్ వీధి మీద మొదటి షాపులోనే కొనెయ్యకండి, నాలుగు చోట్ల ధర అడగండి.

ఒకే బిల్లు 200 క్రోనాలు దాటితే ట్యాక్స్ ఫ్రీ (పన్ను వాపసు) ఫారం అడగండి. ఆర్లాండా (స్టాక్‌హోమ్ విమానాశ్రయం) నుంచి నేరుగా దోహా, దుబాయ్ మీదుగా వెళ్తుంటే ఆర్లాండాలోనే, బ్యాగు అప్పగించకముందే చూపించాలి, వస్తువు చూపించమంటారు. మధ్యలో ఇంకో యూరోపియన్ యూనియన్ విమానాశ్రయం ఉంటే ఎక్కడ చూపించాలో ముందే అడగండి. లింగన్‌బెర్రీ జామ్ సీసా మాత్రం చేతిసంచిలో పెట్టకండి, అదీ ద్రవం కిందే లెక్క.