పర్యావరణం, వారసత్వం కలిపి చదవాలంటే ఏ దారి?

ప్రశ్న: భూగర్భశాస్త్రంతో బీఎస్సీ పూర్తి చేశాను. పాలంపేటలో రామప్ప గుడిని చూసినప్పటి నుంచి, గుడినీ చెరువునూ వేర్వేరుగా ఊహించుకోలేకపోతున్నాను. పురావస్తు శాస్త్రంలో ఎమ్మే చేయాలా, పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేయాలా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు: మీ ఆలోచన సరైనదే. 1213 నాటి శాసనం గల ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కానీ, దాని పునాది కింద ఇసుక నింపారనీ, శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారనీ తెలిసినవారు కూడా, కాకతీయుల కాలపు ఆ చెరువు కింద నేటికీ పొలాలు పారుతున్నాయన్న సంగతిని వారసత్వంగా లెక్కించరు. మట్టి, రాయి తెలిసిన మీరు పురావస్తు శాస్త్రం వైపు రావడమే మేలని నా అభిప్రాయం. శాసనాలు చదవడం మాత్రం మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టండి, ఎందుకంటే చెరువు ఎవరు తవ్వించారో, ఏ భూమిని దానమిచ్చారో చెప్పేది ఆ అక్షరాలే.

రెండో జవాబు: పై వారితో పూర్తిగా ఏకీభవించలేను. నాగార్జునకొండ లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండపైకీ, జలాశయం ఒడ్డున ఉన్న అనుపు అనే చోటికీ తరలించి మళ్లీ నిలబెట్టారు. కట్టడాలను తరలించగలిగారు గానీ, అవి ఏ నది ఒడ్డున వెలిశాయో ఆ లోయను తరలించలేకపోయారు. ఆ నష్టాన్ని ముందుగా అంచనా వేయగలగాలంటే పర్యావరణ శాస్త్రమే చదవాలి.

ప్రశ్న వేసినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. పురావస్తు శాస్త్రంలో చేరి, పరిశోధన వ్యాసానికి చెరువు కట్టనే ఎంచుకుంటాను.