వారానికొక పీరియడ్‌తో భావోద్వేగాలను నేర్పగలమా?

ప్రశ్న (ఏడో తరగతి గణిత ఉపాధ్యాయుడు)

ఈ ఏడాది మా బడిలో సామాజిక, భావోద్వేగ అభ్యసనానికి వారానికొక పీరియడ్ కేటాయించి, నేను క్లాస్ టీచర్‌ని కాబట్టి ఆ బాధ్యత నాకు అప్పగించారు. కోపం వస్తే ఏం చేయాలని అడిగితే, పది దాకా లెక్కపెట్టాలని, నెమ్మదిగా ఊపిరి పీల్చాలని పిల్లలంతా ఎక్కం అప్పజెప్పినట్టు చెబుతారు. మొన్న ఆ వెంటనే వచ్చిన గణితం పీరియడ్‌లో ఒక పిల్లవాడు బోర్డు మీద భిన్నాలు కూడుతూ, లవాలను మార్చకుండానే కూడేశాడు. వెనక బెంచీలో నవ్వు వినబడగానే తన చోటికి వెళ్లి, నోటుపుస్తకంలో ఆ పేజీ చింపి ఉండచుట్టి, గంట కొట్టేదాకా తలెత్తలేదు. పది దాకా లెక్కపెట్టడం వాడికి రాదని కాదు కదా. నేర్పినది ఆ క్షణంలో అక్కరకు రావాలంటే ఏం చేయాలి? సిలబస్ వెనకబడకుండా వీలయ్యే మార్గం ఉంటే చెప్పగలరు.

జవాబు 1 (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయురాలు)

సార్, ఆ నవ్వు వినబడినప్పుడు మీరేం చేశారో రాయలేదు. పిల్లలు ఆ క్షణంలో చూసేది మిమ్మల్నే. తప్పును మనం ఎలా పట్టుకుంటామో, నవ్విన వాళ్లతో ఏ గొంతుతో మాట్లాడతామో, అదే వాళ్లకు అసలు పాఠం. నేను రోజూ ఒక తప్పు లెక్కను, ఎవరిదో తెలియకుండా నా చేతిరాతతో బోర్డు మీద రాసి, "ఇది చేసినవాళ్లు ఎక్కడిదాకా సరిగ్గా ఆలోచించారు?" అని అడుగుతాను. ఐదు నిమిషాలు పడుతుంది, సిలబస్ ఆగదు. నెల తిరిగేసరికి, "టీచర్, అది నాదే" అని తమంతట తామే చెప్పేవాళ్లు కనిపించారు.

ఇంకొక మాట. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, కనీసం 3 సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని, మామూలుగా నోరు విప్పని పిల్లలూ మాట్లాడతారని అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధన ఏనాడో చూపింది. చెప్పడం తేలికే గానీ, ఆ మూడు సెకన్లు ఊరుకోవడం నాకు ఇప్పటికీ కష్టమే.

జవాబు 2 (ఉపాధ్యాయ శిక్షకుడు)

పై మాటతో ఏకీభవిస్తూనే, విడిగా పీరియడ్ అక్కర్లేదనే అర్థం అందులోంచి తీయవద్దని కోరుతున్నాను. 2011లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డర్లాక్ బృందం బడుల్లో నడిచిన ఇలాంటి 213 కార్యక్రమాలను, 2,70,000 మందికి పైగా విద్యార్థుల ఫలితాలను కలిపి పరిశీలించినప్పుడు, వీటిలో పాల్గొన్న పిల్లలు, పాల్గొనని వాళ్ల కన్నా చదువులో కూడా 11 పర్సంటైల్ పాయింట్లు (వందమందిని వరుసలో నిలబెడితే 11 స్థానాలు) ముందున్నారు. అయితే ఒక వరుసలో, పిల్లల చేత చేయిస్తూ, ఏ నైపుణ్యం నేర్పుతున్నామో స్పష్టంగా పెట్టుకుని నడిపినవే మెరుగ్గా పనిచేశాయి. కాబట్టి ఆ పీరియడ్‌లో నీతులు మానేసి అభ్యాసం చేయించండి. పక్కవాడు తప్పు చేసినప్పుడు ఏమనాలో ఇద్దరిద్దరి చేత అనిపించి చూడండి.

మాటలు కూడా నేర్పాలి. మన పిల్లలు అన్నిటికీ "కోపం" అనేస్తారు. మీ పిల్లవాడిది కోపం కాదు, ఉక్రోషం; దాని కింద అవమానం ఉంది. అలక, బెంగ, ఈర్ష్య, చిన్నబుచ్చుకోవడం అని మనకు ఇన్ని మాటలుండగా ఒక్కదానితో ఎందుకు సరిపెట్టుకోవాలి?

జవాబు 3 (బడి కౌన్సెలర్)

ఒక్క హెచ్చరిక. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, "నీ బాధ అందరికీ చెప్పు" అని అడగవద్దు. కథలోని పాత్ర గురించి అడిగితే చాలు. చెప్పను అనే హక్కు పిల్లలకు ఉండాలి. ఎవరైనా వారాల తరబడి ముభావంగా ఉన్నా, తనను తాను గాయపరచుకునే మాట అన్నా, అది క్లాసులో తేల్చే విషయం కాదు, అదే రోజు కౌన్సెలర్‌కు చెప్పాలి. ఊపిరి అభ్యాసాల మీద కూడా అతిగా ఆశ పెట్టుకోవద్దు. బ్రిటన్‌లో 8,000 మందికి పైగా పిల్లలతో చేసి 2022లో ప్రచురించిన మిరియడ్ అధ్యయనంలో, ఊపిరి మీద దృష్టి నిలపడం వంటివి నేర్పే ధ్యాన పాఠాలు, బడిలో మామూలుగా జరిగే సామాజిక, భావోద్వేగ బోధన కన్నా మెరుగైన ఫలితం ఇవ్వలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు.

ప్రశ్న అడిగినవారు

మేడమ్ అడిగినదానికి జవాబు: ఆ రోజు నేను "సైలెన్స్" అని గద్దించి తర్వాతి లెక్కకు వెళ్లిపోయాను. రేపు ఆ పిల్లవాడితో విడిగా మాట్లాడతాను. హారాలకు క.సా.గు. వాడు సరిగ్గానే కట్టాడు; ఆ సంగతి నేను ఇంతవరకు వాడికి చెప్పనే లేదు.