టీసీ లేకుండా జడ్పీ హైస్కూల్లో చేర్చుకుంటారా?

మా వాణ్ణి ఈ జూన్‌లో మా ఊరి జడ్పీ హైస్కూల్లో ఎనిమిదిలో వేద్దామనుకుంటున్నా. పాత ప్రైవేటు బడివాళ్లేమో ఫీజు బాకీ కడితేగానీ టీసీ ఇవ్వమంటున్నారు. 12న బడి తెరుస్తారు. ఏం చేయాలండీ?

↳ చేర్చుకోవాలండీ. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చూడండి: టీసీ ఆలస్యమైందని ఎనిమిది దాకా అడ్మిషన్ ఆపకూడదు. ఆధార్ జిరాక్సు, పాత ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని నేరుగా హెచ్ఎం గారిని కలవండి. తొమ్మిదైతే ఈ సెక్షన్ పనికిరాదు, అందుకే ఇప్పుడే కదలండి.

↳ నేనూ నిరుడు ఇలాగే మా పాపని చేర్పించా. యూనిఫాం గుడ్డే ఇస్తారు, కుట్టించుకోవాల్సింది మనమే. మా టైలర్ మూడు వారాలు తిప్పాడు! పాప అప్పటిదాకా పాత బడి గళ్ల చొక్కాతోనే వెళ్లింది. మధ్యాహ్నం క్యారేజీ బాధ మాత్రం తప్పింది.

↳ థాంక్సండీ. రేపు పొద్దున్నే వెళ్తా. టైలర్‌కి ఇవాళే చెప్పిపెడతా.