నలభై నాలుగేళ్ళకి హీబ్రూ అక్షరాలు దిద్దొచ్చా? సినగాగ్‌లో పెద్దవాళ్ళ క్లాసుకి వెళ్ళినవాళ్ళు చెప్పండి

బాపట్ల_పిల్ల:

అందరికీ నమస్కారం. మాది బాపట్ల. పదహారేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. మా ఆయన యూదులు. నేను పుట్టింది తెలుగు క్రైస్తవ కుటుంబంలో. ఎవరి మతం వాళ్ళదే అని పెళ్ళికి ముందే అనుకున్నాం, ఇప్పటికీ అంతే. మా అమ్మాయికి పదకొండేళ్ళు, బాత్ మిత్స్వాకి (ఆడపిల్ల చేత అందరి ముందూ లేఖనాలు చదివించే యూదుల వేడుక) తయారవుతోంది. రోజూ రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర రాగం తీస్తూ హీబ్రూ చదువుతుంది. నేను పక్కన చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వింటుంటాను. మొన్న మధ్యలో ఆగి "అమ్మా, ఇక్కడ తప్పు చదివానా?" అంది. నాకు తెలిస్తే కదా!

మా సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరం, మాది రిఫార్మ్ అనే పట్టింపులు తక్కువున్న శాఖ) బుధవారం రాత్రుళ్ళు పెద్దవాళ్ళకి క్లాస్ ఉంది. రబ్బీగారు (యూదుల మతగురువు) నన్నూ రమ్మన్నారు. వెళ్ళాలనే ఉంది, కానీ ఒకటే టెన్షన్. అక్షరం ముక్క రాదు. పైగా సండే స్కూల్లో బట్టీ పట్టిన అబ్రాహాము, ఇస్సాకు కథలన్నీ బుర్రలో ఉన్నాయి, అక్కడ నోరు జారి ఏదో ఒకటి అనేస్తానేమో. మతం మార్చుకోమంటారా అన్నది ఇంకో భయం. మా అమ్మకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

తెనాలి_శారద:

వెళ్ళండమ్మా, తప్పకుండా వెళ్ళండి. నేను మీకంటే పెద్దదాన్నే అయ్యుంటాను, యాభై రెండు. మా ఆయనా యూదులే. మాది కన్సర్వేటివ్ (ఆచారాలు ఇంకొంచెం ఎక్కువ పాటించే శాఖ) సినగాగ్, ఉండేది ఒహాయోలో. ఐదేళ్ళుగా క్లాసుకి వెళ్తున్నాను. మతం మార్చుకోలేదు, మార్చుకోమని ఎవరూ అడగలేదు. మారతామని మన అంతట మనం వెళ్ళినా తొందరపడొద్దని వెనక్కి పంపడమే వాళ్ళ పాత పద్ధతి. ఆ భయం పెట్టుకోకండి.

నోరు జారడం గురించి ఒక్కటే జాగ్రత్త: "పాత నిబంధన" అనకండి. వాళ్ళకి కొత్తది లేదు కాబట్టి పాతదీ లేదు. వాళ్ళ బైబిల్‌ని తనాఖ్ అంటారు. పుస్తకాల వరస కూడా వేరు. మీకు మలాకీతో ముగుస్తుంది, వాళ్ళకి దినవృత్తాంతాలతో. మిగతాదంతా మీకు లాభమే. మొదటి రోజు నాకు అబ్రాహాము ఎవరో, మోషే ఎవరో ఏమీ తెలియదు.

అక్షరాలకి భయపడకండి. ఉన్నవి ఇరవై రెండు. మన యాభై ఆరు, గుణింతాలు, ఒత్తులు దిద్దినవాళ్ళకి అదేం లెక్క? బేత్‌లో చుక్క ఉంటే "బ", తీసేస్తే "వ". దాలెత్, రేష్ మాత్రం నన్ను ఆరు నెలలు ఏడిపించాయి. రెండూ ఒక్కలాగే ఉంటాయి, దాలెత్ మూలకి చిన్న కొస ఉంటుంది, అంతే తేడా. అచ్చుల గుర్తులు పుస్తకంలో అక్షరం కిందా పైనా వేస్తారు కాబట్టి సరే. తోరా (తనాఖ్‌లో మొదటి ఐదు పుస్తకాలు) చుట్టలో అవీ ఉండవు. గుణింతాలు తీసేసి తెలుగు రాస్తే ఎలా ఉంటుందో అలా. మీ అమ్మాయి చదవబోయేది అందులోంచే. అందుకే పాపం పిల్లలు అన్నిసార్లు వల్లె వేస్తారు.

నా పరువు పోయిన సంగతులూ చెప్తాను, మీకు పనికొస్తాయి. మొదటి శనివారం తోరా క్లాసులో శ్రద్ధగా పెన్నూ నోట్‌బుక్కూ తీశాను. పక్కనావిడ మెల్లగా నా చేతి మీద చెయ్యి వేసింది. షబ్బాత్ (వాళ్ళ శనివారం విశ్రాంతి రోజు) నాడు మా దగ్గర రాయరు. రెండోది పులిహోర. పెద్ద గిన్నె నిండా కలిపి పట్టుకెళ్ళాను. వంటగది కోషర్ (యూదుల ఆహార నియమాల ప్రకారం నడిచేది) కాబట్టి ఇంట్లో వండినవి లోపలికి తేకూడదట. మళ్ళీ కారులో పెట్టుకుని, తిరిగొచ్చేటప్పుడు పార్కింగ్‌లో నేనూ మా ఆయనా కూర్చుని తిన్నాం. మీది రిఫార్మ్ కాబట్టి ఈ రెండూ మీకు ఉండకపోవచ్చు, అయినా ముందే అడిగేయండి.

ఇక అసలు చదువు. మా బుధవారం క్లాసులో ఇద్దరిద్దర్ని జత చేస్తారు. హవ్రూతా అంటారు. ఒకరు పైకి చదవాలి, రెండోవాళ్ళు ఊరుకోకుండా అడ్డం పడాలి. నా జోడీ డెబ్బై నాలుగేళ్ళావిడ, ఫార్మసిస్టుగా రిటైరయ్యారు. మాకు మొదట ఇచ్చింది మిష్నాలో (యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం) బావా మెత్సియా అనే భాగం మొదటి పేరా. ఇద్దరు ఒకే వస్త్రాన్ని పట్టుకుని వచ్చారు. "నాకు దొరికింది, మొత్తం నాదే" అని ఇద్దరూ అంటారు. తీర్పేంటంటే, ఇందులో నా వాటా సగానికి తక్కువ కాదని ఇద్దరూ ప్రమాణం చేసి, చెరి సగం తీసుకోవాలి. ఒకడు మొత్తం నాదని, రెండోవాడు సగం నాదని అంటే మొదటివాడికి ముప్పావు, రెండోవాడికి పావు.

నాకు ఒళ్ళు మండింది. ఒకడు అబద్ధాలకోరు కదా, వాడికీ సగం ఇస్తారా అన్నాను. "ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారేమో, నువ్వు చూశావా?" అంది ఆవిడ. మూడు వారాలు ఆ ఒక్క పేరా మీదే పోట్లాడుకున్నాం. అప్పుడు మా తాతయ్య గుర్తొచ్చారు. ఊళ్ళో గట్టు తగాదా వస్తే అరుగు మీద కూర్చోబెట్టి, చివరికి ఏదీ తేలకపోతే దీపం ఆర్పి ప్రమాణం చేయమనేవారు. క్లాసులో చెప్పాను. రబ్బీగారు కాసేపు గడ్డం నిమురుకుని "మరి అబద్ధం చెప్పేవాడు భయపడేవాడా?" అన్నారు. నాకు తెలియదు. ఆ రాత్రే తెనాలికి ఫోన్ చేసి అమ్మని అడిగాను. ఒకాయన రేపు ప్రమాణం అనగా ముందు రాత్రే వచ్చి, గట్టు తనే జరిపానని ఒప్పుకుని, గంజి తాగి వెళ్ళాడట. మరుసటి బుధవారం తాల్ముద్‌లో (మిష్నా మీద రబ్బీల చర్చలున్న గ్రంథం) తర్వాతి పేజీ తీశాం. ప్రమాణం ఎందుకు పెట్టారో అక్కడ ఉంది: అది లేకపోతే ఎవడు పడితే వాడు ఎదుటివాడి గుడ్డ పట్టుకుని నాదే అంటాడు. మా అమ్మ మాట చెప్తే క్లాసంతా నవ్వింది. మా జోడీ మాత్రం "గంజి అంటే ఏంటి?" అని రాసుకుంది.

అరుగు_మీద_రాజు:

శారదగారు బాగా చెప్పారు. నేను యూదుణ్ణి కాను, డాలస్‌లో ఉంటాను, ఊరికే ఆసక్తి కొద్దీ చదువుతాను. ఆ పుస్తకాలు సెఫారియా అనే సైట్లో ఇంగ్లీష్ అనువాదంతో ఉచితంగా దొరుకుతాయి. మీరు చూడాల్సింది రబ్బీ అకివా అనే పాతకాలపు పెద్ద పండితుడి కథ. నలభై ఏళ్ళ దాకా ఆయనకి అక్షరాలు రావట. తర్వాత కొడుకుని వెంటపెట్టుకుని పిల్లల పంతులు దగ్గరికి వెళ్ళాడు. పలకకి ఒక కొస తండ్రి పట్టుకుంటే రెండో కొస కొడుకు పట్టుకున్నాడు, పంతులు దాని మీద అక్షరాలు రాశాడు. మీరూ మీ అమ్మాయీ అంతే కదా.

ఒక్క సలహా. తాల్ముద్ రోజుకో పేజీ చదివే దాఫ్ యోమీ అని ఉంది, 1923లో మొదలైంది. 2,711 పేజీలు, ఏడున్నరేళ్ళు. దాని జోలికి ఇప్పుడే పోకండి. నేను నలభయ్యో రోజుకే పారిపోయాను.

బాపట్ల_పిల్ల:

థాంక్స్ రాజుగారూ. శారదక్కా, మీరు చెప్పిన గట్టు కథ మా ఆయనకి ఇంగ్లీష్‌లో చెప్పాను, "మీ తాతగారు రబ్బీ అయ్యుండాల్సింది" అన్నారు. ఇంకొక్క మాట. అక్షరాలు నేర్చుకుంటే నేనూ తోరా దగ్గరికి వెళ్ళి చదవొచ్చా? అడగొచ్చో లేదో కూడా తెలియడం లేదు.

తెనాలి_శారద:

అడగొచ్చు. మా దగ్గరైతే యూదులు కానివాళ్ళని తోరాకి పిలవరు. నేను కింద కూర్చుని వింటాను. మొదట్లో కొంచెం చివుక్కుమంది, ఇప్పుడు లేదు. మీ సినగాగ్‌లో పద్ధతి మీ రబ్బీగారే చెప్పాలి. అమ్మాయి చదివేటప్పుడు తల్లిదండ్రులని పక్కన నిలబెట్టేవాళ్ళు కూడా ఉన్నారు.

అసలు మా జోడీనే చూడండి. పుట్టుకతో యూదురాలు, చిన్నప్పుడు వాళ్ళ సినగాగ్‌లో ఆడపిల్లల్ని తోరాకి పిలిచేవారు కాదట. అమెరికాలో మొదటి బాత్ మిత్స్వా 1922లో, న్యూయార్క్‌లో, జూడిత్ కప్లాన్ అనే పన్నెండేళ్ళ పిల్లకి జరిగింది. అది అన్ని చోట్లకీ పాకడానికి చాలా ఏళ్ళు పట్టింది. అన్నదమ్ములు ఇద్దరూ చదువుతుంటే ఈవిడ పైన గ్యాలరీలో కూర్చుని చూసిందట. రెండేళ్ళు మాతో చదివి, పోయిన వసంతంలో పెద్దవాళ్ళ బాత్ మిత్స్వా చేసుకుంది. మూడే వాక్యాలు. చుట్టని చేత్తో తాకకూడదు, చివర చిన్న చెయ్యి ఉన్న వెండి పుల్లతో చూపిస్తూ చదవాలి. ఆ పుల్ల వణికిపోతోంది. రెండో వాక్యంలో దాలెత్ దగ్గర ఆగింది. నేను మూడో వరసలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను, ఎందుకంటే ఆ మాట మేమిద్దరం వాళ్ళ వంటింట్లో ఇరవై సార్లు తప్పు చదివాం. సరిగ్గా చదివింది.

మీరు బుధవారం వెళ్ళండి. పుస్తకం కుడి నుంచి తెరవాలని గుర్తుపెట్టుకోండి. కింద పడితే తీసి ముద్దు పెట్టుకుంటారు, మనం కళ్ళకద్దుకున్నట్టే. అమ్మకి చెప్పడం మాత్రం మీ ఇష్టం. నేనైతే ఏడాది తర్వాత చెప్పాను. "చదువుకోవడానికేగా వెళ్తున్నావు, రాత్రిపూట కారు మెల్లగా నడుపు" అంది.